కొండ ఎక్కేవాళ్ళకి చెప్పాల్సిన మాట: నేపాల్ ప్రయాణ సలహాల చరిత్ర

ఊరికి బయల్దేరుతున్న మనిషికి సలహా చెప్పడం మనందరికీ ఇష్టమైన పని. స్వెటర్ పెట్టుకోండి, బయట నీళ్ళు తాగకండి, డబ్బు రెండుచోట్ల దాచుకోండి, చీకటి పడేలోపు దిగిపోండి. ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్న మాటల్లా, ఎవరూ కనిపెట్టనక్కర్లేని ఇంగితజ్ఞానంలా వినిపిస్తాయి. కానీ కాస్త తవ్వి చూస్తే ప్రతి సలహాకీ ఒక పుట్టిన తేదీ ఉంటుంది. చాలావాటి వెనక కొన్ని చావులు ఉంటాయి. కొన్ని సలహాలకి చచ్చిపోయిన తేదీ కూడా ఉంటుంది. దారి మారినప్పుడు సలహా మారాలి. మారకపోతే దానికి మూల్యం చెల్లించేది ఆ మార్పు సంగతి తెలియనివాళ్ళు. ఈ వ్యాసం నేపాల్ గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేపాల్ వెళ్ళేవాళ్ళకి గత వందేళ్ళలో ఎవరు ఏం చెప్పారు, ఆ చెప్పిన మాట ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నదాని గురించి.

ముందు ఒక చిన్న కాకతాళీయం. 1838లో రెండు ప్రయాణ గ్రంథాలు అచ్చయ్యాయి. ఒకటి లండన్‌లో జాన్ మర్రీ ప్రచురించిన స్విట్జర్లాండ్ హ్యాండ్‌బుక్. ఏ కనుమ దాటాలంటే ఎన్ని గంటలు, ఏ సత్రం శుభ్రంగా ఉంటుంది, కంచరగాడిదకి ఎంత ఇవ్వాలి అని ఇంగ్లీషు యాత్రికుడికి విడమరిచి చెప్పిన పుస్తకం. ఆధునిక గైడ్‌బుక్ అనే జాతికి మూలపురుషుల్లో ఒకటి. రెండోది మనది: ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830-31లో పరివారంతో సహా కాశీ వెళ్ళొచ్చి, దారి పొడుగునా మజిలీల వివరాలు రాసుకున్నారు. ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, ఏ దారి బండికి పనికొస్తుంది. మనం ఆ పుస్తకాన్ని తొలి తెలుగు యాత్రాచరిత్రగా, సామాజిక చరిత్రకి ఆధారంగా చదువుతాం. అది నిజమే. కానీ ఆ వివరాల్లో చాలావాటి అసలు ఉపయోగం వెనక వచ్చేవాడికి దారి చెప్పడం. అంటే యాత్రికుడి కోసం, యాత్రికుడి భాషలో, ఆచరణకి పనికొచ్చే సలహా రాయడం మనకి కొత్త విద్య కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని నేపాల్‌లోకి వెళ్దాం.

1951కి ముందు నేపాల్ బయటివాళ్ళకి దాదాపు మూసిన తలుపు. రాణాల ఆహ్వానం లేకుండా తెల్లవాళ్ళు కాఠ్మండూ చేరడం అసాధ్యం. కానీ ఆ తలుపు ఏడాదికి ఒకసారి తెరుచుకునేది. మహాశివరాత్రికి పశుపతినాథుడి దర్శనం కోసం హిందూదేశం నుంచి వచ్చే యాత్రికులని కొద్దిరోజుల పాటు రానిచ్చేవారు. బిహార్‌లోని రక్సౌల్ దాకా రైలు. 1927 తర్వాత అక్కణ్ణుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా నేపాల్ ప్రభుత్వపు చిన్న రైలు. తర్వాత భీమ్‌ఫేదీ దాకా లారీ. ఆపైన కాలినడకన సీసాగఢీ, చంద్రాగిరి కొండలు దాటి లోయలోకి దిగడం. కాఠ్మండూలో రాణాలు తిరిగిన మోటారు కార్లు కూడా ఈ దారినే వచ్చాయి, అయితే చక్రాల మీద కాదు, కూలీల భుజాల మీద.

ఆ రోజుల్లో ఈ దారికి ఉన్న ముఖ్యమైన సలహా ఒక్కటే: తరాయిలో రాత్రి పడుకోకు, ముఖ్యంగా ఎండలు ముదిరాక. కొండల కింద ఉన్న ఆ అడవి పట్టీలో 'ఔల్' అనే జ్వరం ఉండేది. అది మలేరియా. చలికాలంలో దాటినవాడు బతికేవాడు, వానాకాలంలో దాటినవాడు దేవుడి దయ. శివరాత్రి మాఘమాసపు చివర్లో, జ్వరాల కాలం మొదలవక ముందే వస్తుంది. పంచాంగంలో ఉన్న తిథే ప్రయాణానికి సరైన రోజులని కూడా చెప్పింది. యాత్రికుడు మలేరియా గురించి ఏమీ తెలుసుకోనక్కర్లేదు, పండక్కి వెళ్ళి పండగవగానే తిరిగొస్తే చాలు. 1950ల నుంచి తరాయిలో డి.డి.టి. చల్లారు. జ్వరం తగ్గింది, అడవి పొలాలయింది, ఆ సలహాతో ఇక పని లేకపోయింది. ఇప్పుడు నేపాల్ గురించి అడిగితే ఎవరూ ఆ మాట చెప్పరు. సలహా చచ్చిపోవడం అంటే ఇదే.

1950లో ఫ్రెంచివాళ్ళు అన్నపూర్ణ ఎక్కడానికి వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు ఉంది. 1924-27 మధ్య భారతీయ సర్వేయర్లు తయారుచేసినది. తెల్లవాళ్ళకి ప్రవేశం లేదు కాబట్టి మొత్తం పని మనవాళ్ళే చేశారు, దేశం మొత్తానికి గొప్ప మ్యాపు అది. కానీ ఎవరూ అడుగుపెట్టని ఎత్తుల దగ్గర అందులో తప్పులున్నాయి. మోరిస్ ఎర్జోగ్ బృందం కాళీ గండకి లోయలోని టుకుచే అనే ఊళ్ళో మకాం వేసి, అసలు అన్నపూర్ణ ఎక్కడుందో, దాని దగ్గరికి దారేదో వెతుక్కోవడానికే వారాలు ఖర్చుపెట్టింది. చివరికి జూన్ 3న ఎర్జోగ్, లాషనాల్ శిఖరం చేరారు. తిరిగి వచ్చేటప్పటికి మంచు కాటుకి ఇద్దరి కాలివేళ్ళూ, ఎర్జోగ్ చేతివేళ్ళూ పోయాయి. ఆ టుకుచే ఊరిని గుర్తుపెట్టుకోండి. ముక్తినాథ్ వెళ్ళే యాత్రికుల పాత దారి దాని మధ్యలోంచే పోతుంది.

అదే ఏడాది చివర్లో దేశానికి తూర్పున ఇంకో చిన్న బృందం ఎవరెస్ట్ కింద ఉన్న ఖుంబూ లోయలోకి నడిచి వెళ్ళింది. పాశ్చాత్యులు ఆ లోయలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అందులో బిల్ టిల్‌మన్ ఉన్నాడు, చార్ల్స్ హ్యూస్టన్ అనే అమెరికన్ డాక్టరూ ఉన్నాడు. ఈ హ్యూస్టన్ మనకి మళ్ళీ తగులుతాడు.

1951 ఫిబ్రవరిలో రాణాల పాలన ముగిసింది. తలుపు తెరుచుకుంది. భారత ప్రభుత్వ సాయంతో కాఠ్మండూకి త్రిభువన్ రాజపథం పడింది. ఒకప్పుడు కలకత్తాలో క్లబ్బు నడిపిన రష్యన్ నర్తకుడు బోరిస్ లిసానెవిచ్ ఒక రాణా భవనంలో రాయల్ హోటల్ తెరిచాడు. డబ్బున్న పర్యాటకులు విమానం దిగి, లోయ చూసి వెళ్ళిపోయేవారు. కొండల్లో నడవడం మాత్రం ఇంకా పర్వతారోహకుల వ్యవహారమే. దాన్ని మామూలు మనుషులకి అమ్మవచ్చని గ్రహించినవాడు జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ గూర్ఖా అధికారి. 1964లో ఆయన మౌంటెన్ ట్రావెల్ అనే కంపెనీ పెట్టాడు. తొలి ఖాతాదారులు ముగ్గురు అమెరికన్ స్త్రీలు, 1965లో వచ్చారు. గుడారం, వంటవాడు, షెర్పా, పొద్దున్నే టీ, రోజుకి ఇన్ని గంటల నడక. ఈరోజు 'ట్రెక్కింగ్' అని మనం పిలిచే వస్తువు ఈ రూపంలో తయారయింది అక్కడే.

సరిగ్గా అదే 1964లో ఎవరెస్ట్ దారిలో ఇంకో సంగతి జరిగింది. షెర్పాల ఊళ్ళలో బళ్ళు, ఆసుపత్రి కట్టిస్తున్న ఎడ్మండ్ హిల్లరీ, సామాను చేరవేయడానికి లుక్లాలో ఒక ఎయిర్‌స్ట్రిప్ వేయించాడు. ఉద్దేశం మంచిది. ఉపయోగం కూడా గొప్పది. అయితే లుక్లా సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. అంతకుముందు కాఠ్మండూ వైపు నుంచి ఖుంబూకి నడిచి రావాలంటే రెండు వారాల పని. కొండ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఆ రెండు వారాల్లో ఒళ్ళు తనకు తెలియకుండానే పల్చని గాలికి అలవాటుపడేది. ఇప్పుడు పొద్దున కాఠ్మండూలో టిఫిన్ తిన్న మనిషి గంట తర్వాత లుక్లాలో, మూడు నాలుగు రోజుల్లో నాలుగు వేల మీటర్ల పైన.

నడక దారి చెప్పకుండానే చెప్పిన సలహా ఒకటుంది: 'నెమ్మదిగా రా'. విమానం ఆ సలహాని చెరిపేసింది. చెరిపేసిందని చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఎత్తు మనిషిని చంపుతుందన్న సంగతి కొత్తది కాదు. రెండువేల ఏళ్ళ కిందటి చైనా హాన్ వంశ చరిత్రలో, పశ్చిమాన ఉన్న రాజ్యాలకి పోయే దారిలో పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ అనేవి ఉన్నాయనీ, అక్కడ మనుషులకీ పశువులకీ తలనొప్పి, వాంతులు వస్తాయనీ ఒక అధికారి హెచ్చరించిన ప్రస్తావన ఉంది. ఆ హెచ్చరిక రాయబారుల వెంట మనుషుల్ని పంపొద్దని చెప్పడానికి. బహుశా పర్వత ప్రయాణాల మీద మనకి దొరికిన అతి పాత సలహాల్లో అదొకటి. నేపాలీలోనూ దీనికి మాటుంది: 'లేఖ్ లాగ్యో' అంటారు. లేఖ్ అంటే ఎత్తైన కొండ వెన్ను. మనం ఎండదెబ్బ తగిలిందన్నట్టే, వాళ్ళు ఎత్తు తగిలిందంటారు.

కానీ అది ఎలా తగులుతుంది, ఎవరికి తగులుతుంది అన్నది వైద్యులకి అర్థం కావడానికి ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం పట్టింది. కొండ మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయినవాళ్ళని డాక్టర్లు చాలాకాలం న్యుమోనియా కింద రాసేశారు. 1960లో చార్ల్స్ హ్యూస్టన్, అదే ఖుంబూ నడిచిన డాక్టరు, కొలరాడోలో ఒక స్కీయర్ కేసు ఆధారంగా ఇది న్యుమోనియా కాదు, ఎత్తు వల్ల వచ్చే వేరే జబ్బు అని ఇంగ్లీషు వైద్యలోకానికి స్పష్టంగా చెప్పాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1962 చైనా యుద్ధంలో, ఆ పాఠాన్ని మన దేశం ఊహించలేనంత ఖరీదు పెట్టి నేర్చుకుంది. మైదానాల నుంచి సైనికుల్ని విమానాల్లో ఎత్తి హిమాలయాల మీద దించారు. శత్రువు కనిపించకముందే జబ్బుపడ్డారు. ఆ సైనికుల్ని పరీక్షించిన భారత సైనిక వైద్యులు, ఇందర్ సింగ్ నాయకత్వంలో, 1,925 మంది మీద చేసిన పరిశీలనని 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఈ రంగంలో ఈనాటికీ ప్రస్తావించే వ్యాసాల్లో అదొకటి. నేపాల్ కొండల్లో తిరిగే విదేశీయుడి జేబులో ఉండే సలహాకి మన జవాన్ల ఊపిరితిత్తులు కూడా ఆధారమని మనలో చాలామందికి తెలీదు.

ఇక ఖుంబూకి తిరిగొద్దాం. 1970ల మొదట్లో ట్రెక్కర్లు పెరిగారు, ఎత్తు తగిలి చనిపోయేవాళ్ళూ పెరిగారు. 1973లో కాఠ్మండూలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఏర్పడింది. ఎవరెస్ట్ దారిలో ఫెరిచే అనే చోట, సుమారు 4,240 మీటర్ల ఎత్తులో, ఒక చిన్న వైద్య కేంద్రం పెట్టారు. రెండేళ్ళ తర్వాత అక్కడికి పీటర్ హాకెట్ అనే కుర్ర అమెరికన్ డాక్టర్ వచ్చాడు. దారిన పోయే ట్రెక్కర్లని ఆపి ప్రశ్నలడిగాడు: ఎలా వచ్చావు, ఎక్కడెక్కడ పడుకున్నావు, తలనొప్పి ఉందా, ఆకలేస్తోందా? 278 మంది వివరాలతో ఆయనా, సహచరులూ రాసిన వ్యాసం 1976లో లాన్సెట్‌లో వచ్చింది. సగానికి పైగా, 53 శాతం మందికి, ఎత్తు జబ్బు లక్షణాలున్నాయి. లుక్లాకి విమానంలో వచ్చినవాళ్ళకి నడిచొచ్చినవాళ్ళ కంటే ఎక్కువ. తొందరగా ఎక్కినవాళ్ళకి ఎక్కువ, దారిలో తక్కువ రాత్రులు ఆగినవాళ్ళకి ఎక్కువ. పెద్దవాళ్ళ కంటే కుర్రాళ్ళకి ఎక్కువ. ఒంటి బలానికీ దీనికీ సంబంధం లేదు. జిమ్‌కెళ్ళేవాడు గబగబా ఎక్కేస్తాడు కాబట్టి ముందు వాడే పడిపోతాడు.

ఈ వ్యాసం నాకు వైద్యం కంటే చరిత్రగానే ఎక్కువ ఆసక్తి. 1964లో ఒక రన్‌వే చెరిపేసిన సలహాని 1976లో అంకెలతో తిరిగి రాసిన పత్రం ఇది. నడక దారి ఊరికే ఇచ్చినదాన్ని ఇప్పుడు మాటల్లో పెట్టి, అచ్చువేసి, నోటితో చెప్పి, చెప్పించి నేర్పాల్సొచ్చింది. ఆ నేర్పిన మాట స్థూలంగా ఇది. మూడువేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక రోజుకి అయిదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరక్కూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రాత్రి అదనంగా ఆగాలి. పగలు ఎంత ఎత్తెక్కినా రాత్రికి కిందికొచ్చి పడుకోవడం మేలు. తలనొప్పీ వికారమూ ఉంటే ఇంకా పైకెళ్ళి పడుకోవద్దు. ఆగినా తగ్గకుండా ముదురుతుంటే, నడక తూలుతుంటే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే, అది అర్ధరాత్రయినా సరే, కిందికి దిగాలి.

ఈ మాట ఇంగ్లీషు చదివేవాళ్ళకి చాలా బాగా చేరింది. స్టీఫెన్ బెజ్రుచ్కా అనే డాక్టరు రాసిన నేపాల్ ట్రెక్కింగ్ గైడు 1972 నుంచి కూర్పు తర్వాత కూర్పుగా వచ్చింది. 1973లో టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు 'అక్రాస్ ఏసియా ఆన్ ద చీప్'తో మొదలుపెట్టిన లోన్లీ ప్లానెట్, 1979లో స్టాన్ ఆర్మింగ్టన్ చేత హిమాలయ ట్రెక్కింగ్ మీద పుస్తకం రాయించింది. ఫెరిచేలోనూ, అన్నపూర్ణ చుట్టుదారిలో మనాంగ్‌లోనూ ప్రతి సీజన్లో డాక్టర్లు మధ్యాహ్నం కూర్చుని ఎత్తు గురించి ఉచితంగా పాఠం చెప్తారు. ఈరోజు ఖుంబూలో నడుస్తున్న జర్మన్ విద్యార్థికైనా, బెంగుళూరు నుంచి సెలవు పెట్టి వెళ్ళిన నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికైనా నామ్చే బజార్లో రెండు రాత్రులు ఆగాలని తెలుసు. వైద్యశాస్త్రం చదివి కాదు, ప్రతి ఐటినరరీలోనూ అలా రాసి ఉంటుంది కాబట్టి.

కూలీలకి ఇది ఆలస్యంగా చేరింది. పైకి బరువు మోసేది షెర్పాలే అనుకుంటాం గానీ, చాలామంది పోర్టర్లు కింది లోయల నుంచి వచ్చిన రాయ్, తమాంగ్, మగర్ కుర్రాళ్ళు. ఎత్తు వాళ్ళకీ మనలాగే తగులుతుంది. పైగా మంచి బూట్లుండవు, జబ్బు చేసిందంటే కూలి పోతుందని చెప్పరు. వాళ్ళ రక్షణ కోసం అంతర్జాతీయ పోర్టర్ల సంస్థ ఒకటి ఏర్పడటానికి 1997 దాకా ఆగాల్సొచ్చింది.

మరి యాత్రికులకి?

కాఠ్మండూకి ఉత్తరాన గోసాయికుండ్ అనే పవిత్ర సరస్సు ఉంది. ఎత్తు 4,300 మీటర్ల పైన. శ్రావణ పూర్ణిమకి, మనం జంధ్యాల పున్నమి అనే రోజునే వాళ్ళు జనై పూర్ణిమ అంటారు, వేలమంది అక్కడ స్నానానికి వెళ్తారు. చాలామంది రెండు మూడు రోజుల్లో కింది నుంచి ఎక్కేస్తారు, కొందరు ఉపవాసంతో. నేపాలీ డాక్టరు బుద్ధ బస్న్యాత్, మరికొందరు ఆ యాత్రికులని పరీక్షించి 2000లో ప్రచురించిన వ్యాసంలో, చూసినవాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఎత్తు జబ్బు లక్షణాలున్నాయని తేల్చారు. ఫెరిచేలో ట్రెక్కర్ల కంటే ఎక్కువ. మెదడు వాచి తూలుతున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. వీళ్ళు పరాయి దేశస్థులు కాదు, అదే దేశం వాళ్ళు. కొండ కొత్త కాదు, ఆ ఎత్తు కొత్త.

ఇక్కడ తేడా తెలివితేటలది కాదు. ట్రెక్కర్ వెనక్కి తిరిగితే సెలవు పాడవుతుంది. యాత్రికుడు వెనక్కి తిరిగితే మొక్కు పాడవుతుంది. ట్రెక్కర్‌కి తేదీ ఉండదు, వచ్చే వారం ఎక్కినా అదే కొండ. యాత్రికుడికి పున్నమి ఒక్కరోజే. ట్రెక్కర్ కోసం రాసిన సలహాని అలాగే తెచ్చి యాత్రికుడికి చదివి వినిపిస్తే ఎక్కదు. యాత్రికుడి లెక్కలో పెట్టి చెప్పాలి.

ఇప్పుడు మన దగ్గరికి. తెలుగువాళ్ళు నేపాల్ అంటే మొదట తలుచుకునేది పశుపతినాథ్, తర్వాత ముక్తినాథ్. వైష్ణవులకి అది 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామ క్షేత్రం. కాళీ గండకిలో దొరికే నల్ల సాలగ్రామాలు నిజానికి హిమాలయాలు పుట్టకముందు అక్కడున్న టెథిస్ సముద్రపు జీవుల శిలాజాలు. సముద్రపు అడుగు ఆకాశానికి లేచిన చోటది. గుడి వెనక 108 ధారల్లో మంచు కరిగిన నీళ్ళు పడుతుంటాయి. బౌద్ధులకీ అది పుణ్యస్థలమే. ఎత్తు 3,700 మీటర్ల పైమాటే.

ఆ అంకె మనకి ఏమీ చెప్పదు, ఎందుకంటే మనకి కొండ అంటే తిరుమల. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. నేపాల్లో కొండల ఊరని మనం చెప్పుకునే పోఖరా కూడా దాదాపు అంతే, 820. ముక్తినాథ్ అంటే తిరుమల మీద తిరుమల, దాని మీద తిరుమల, దాని మీద ఇంకో తిరుమల పెట్టి, ఆపైన ఇంకొంచెం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. నాలుగడుగులేస్తే ఆయాసం రావడానికి వయసో, పాపమో కారణం కాదు.

పాతకాలంలో అక్కడికి నడిచే వెళ్ళేవారు. బేనీ 830 మీటర్లు, తాతోపానీ 1,200, ఘాసా 2,000, టుకుచే 2,590, జోమ్‌సోమ్ 2,720, కాగ్‌బేనీ 2,800, ఆపైన ముక్తినాథ్. మజిలీ మజిలీకీ ఒళ్ళు సర్దుకునేది. వీరాస్వామయ్యగారి పద్ధతిలో ఎవరైనా ఆ దారి మజిలీల పట్టిక రాసుంటే, అదే ఎత్తు జబ్బుకి మందు చీటీ అయ్యేది. ఇప్పుడు పోఖరా నుంచి గుడి దగ్గరి దాకా జీపు దారి పడింది. జోమ్‌సోమ్‌కి ఇరవై నిమిషాల విమానం ఉంది, హెలికాప్టరూ ఉంది. డెబ్భై ఏళ్ళ వాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు దర్శనం చేసుకోగలుగుతున్నారు. అది మంచిదే. నడిచినవాడికే ముక్తి అనే హక్కు ఎవరికీ లేదు. కానీ లుక్లాలో 1964లో జరిగిందే ఇక్కడా జరిగింది: దారి చెప్పే సలహా పోయింది, దాని బదులు ఎవరూ నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. మా ఇంట్లోవాళ్ళు యాత్రకి వెళ్ళేటప్పుడు ట్రావెల్స్‌వాళ్ళిచ్చిన తెలుగు కరపత్రం నేను చదివాను. మంకీ క్యాపు, టార్చిలైటు, పులిహోర పొడి, ఏకాదశినాడు ఫలహారం ఏర్పాటు, అన్నీ శ్రద్ధగా రాశారు. ఎత్తు అన్న మాట ఎక్కడా లేదు.

ముక్తినాథ్‌కీ మనకీ మధ్య దూరం ఎంత తక్కువో చెప్పే సంఘటన ఇంకోటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మనకి ఆ కథ అక్కడితో అయిపోయింది. కానీ దాని శేషం ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత ముక్తినాథ్ పైనున్న 5,416 మీటర్ల థోరాంగ్ లా కనుమ మీద మంచు తుఫానై కురిసింది. ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు; ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, ఊరివాళ్ళు. అక్టోబర్ నెల నేపాల్‌కి మంచి సీజన్ అని అన్ని గైడ్‌బుక్కులూ చెప్తాయి, అది నిజమే. అయితే అదే నెల బంగాళాఖాతంలో తుఫాన్ల నెల కూడా. విశాఖ తీరానికి హెచ్చరిక వస్తే అన్నపూర్ణ మీద ఉన్నవాడు కూడా కిందనే ఆగాలన్నది ఆ ఏడాది పుట్టిన సలహా. 2023 నుంచి చాలా దారుల్లో విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడుతోనే వెళ్ళాలని నేపాల్ పెట్టిన నిబంధనని వ్యాపారం అని తిట్టేవాళ్ళున్నారు. నిబంధన మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఒంటరిగా తప్పిపోయినవాళ్ళూ మంచులో ఇరుక్కుపోయినవాళ్ళూ ఆ చర్చ వెనక ఉన్నారు.

కాబట్టి, చరిత్ర చెప్పుకున్నాక, సలహా కూడా చెప్పుకోవాలి.

చిన్నవి ముందు. నేపాల్ వెళ్ళడానికి మనకి వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ ఒక్కటీ పట్టుకుని మధ్యవయసువాళ్ళు ఎయిర్‌పోర్టుకి వెళ్తే తిప్పి పంపుతారు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, 1993 నుంచీ ఇదే రేటు. పెద్దనోట్ల మీద ఆంక్షలు మాత్రం మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోవాలి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవాలి. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున్న పూటే ఎగురుతాయి, ఎందుకంటే పగలు ఎక్కేకొద్దీ కాళీ గండకి లోయలో గాలి విపరీతంగా పెరుగుతుంది. ఆ దారిలో 2012లో, 2022లో విమానాలు కూలి యాత్రికులు పోయారు. వాతావరణం బాగోలేదని విమానం రద్దయితే పైలట్‌తో పోట్లాడకూడదు, దండం పెట్టాలి. దానికోసమే టికెట్ల మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. 2018 జులైలో మానససరోవరం నుంచి తిరిగొస్తూ సిమికోట్, హిల్సా దగ్గర వెయ్యికి పైగా భారతీయ యాత్రికులు వాన వల్ల ఇరుక్కుపోయారు, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. రోజూ వేసుకునే మందులు ఒక వారం ఎక్కువ పట్టుకెళ్ళాలని చెప్పేది ఇందుకే.

ఇక పెద్ద మాట. ముక్తినాథ్ వెళ్తుంటే జోమ్‌సోమ్‌లోనో, ఇంకా కిందనున్న మార్ఫా, టుకుచేల్లోనో ఒక రాత్రి ఆగండి, రెండయితే మరీ మంచిది. పొద్దున్న వెళ్ళి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగిపోయి కిందే పడుకోండి. ఎత్తు జబ్బు సాధారణంగా చేరిన కొన్ని గంటల తర్వాత మొదలై రాత్రికి ముదురుతుంది, అందుకే నిద్ర కింద చెయ్యడం. పోఖరా నుంచి ఒక్కరోజులో జీపులో ఎక్కి గుడి పక్క లాడ్జిలో పడుకోవడం అన్నింట్లోకీ చెడ్డ పద్ధతి, చవకైన ప్యాకేజీల్లో కనిపించేదీ అదే. గుండె జబ్బు, ఉబ్బసం, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళకి కొన్ని గంటలైనా కష్టమే కావచ్చు, ముందు డాక్టర్ని అడగాలి. డయామాక్స్ అనే మాత్ర గురించీ డాక్టరే చెప్పాలి; సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ప్రమాదం. వెల్లుల్లి సూపు రుచిగా ఉంటుంది, తాగండి, కానీ అది దిగిరావడానికి బదులు కాదు. 108 ధారల కింద తడవాలని ఉంటుంది. గడ్డకట్టే నీళ్ళు, పల్చని గాలి, ఖాళీ కడుపు, డెబ్భై ఏళ్ళు, ఈ నాలుగూ ఒకచోట కలవకుండా చూసుకోండి. తల మీద చల్లుకున్నా స్నానమే అని మన పెద్దలే ఒప్పుకున్నారు.

అందరికంటే ముఖ్యంగా, తలనొప్పి వస్తే చెప్పమనండి. మన పెద్దవాళ్ళు చెప్పరు. బస్సు మొత్తానికి ఇబ్బంది అవుతుందని, పిల్లలు కంగారుపడతారని, ఇంత దూరం వచ్చి వెనక్కెలా వెళ్తామని ఓర్చుకుంటారు. ఎత్తు మీద ఓర్పు సుగుణం కాదు. యాత్రికుడి లెక్కలో చెప్పాలంటే: దిగిపోవడం మొక్కు తప్పడం కాదు, వాయిదా వెయ్యడం. కొండా దేవుడూ ఎక్కడికీ పోరు.

వీరాస్వామయ్యగారు తర్వాతి మజిలీలో నీళ్ళున్నాయో లేదో రాశారు, ఎందుకంటే 1830లో మనిషిని చంపేది అదే. ఈ రోజు ముక్తినాథ్ యాత్రికుడికి తర్వాతి మజిలీ ఎన్ని మీటర్లో తెలియాలి. కరపత్రంలో ప్రతి ఊరి పేరు పక్కనా ఒక అంకె, కింద రెండు వాక్యాలు. తెలుగులో.